మధ్యాహ్నం కూత

ఆ రోజు మధ్యాహ్నం కూత ముందే పడింది.

ఎంత ముందు పడిందో మాలో ఎవరూ చెప్పలేరు. కూత పడ్డాక గడియారం చూసుకునే అలవాటు మాకు లేదు. మిల్లు కూసిందంటే టైం అయినట్టే.

మిల్లు గేటుకి ఎదురుగా రేకుల షెడ్డు ఉంది. దాని ముందు టెంటు వేసి, కుర్చీలు పరిచి, మైకు పెట్టారు. ముసలివాళ్ళ కోసం ఊళ్ళో కొత్త కేంద్రాలు కడతారట. అవి ఎలా ఉండాలో, ఎక్కడ ఉండాలో ముసలివాళ్ళనే అడిగి మరీ కడతారట. అడగడానికి మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు. ఎండకి ముఖం కందిపోయినా నవ్వు మాత్రం తగ్గలేదు.

ఆమె రెండు బోర్డులు నిలబెట్టింది. ఒకదాని మీద మా షెడ్డు ఫొటో. రెండోదాని మీద ఊరవతల, చెత్త డంపుని ఆనుకుని ఉన్న ఖాళీ జాగా ఫొటో. డంపు మాత్రం ఫొటోలో పడలేదు. తలా ఒక ఎర్ర స్టిక్కరు చేతిలో పెట్టింది, చొక్కా గుండీ అంతది.

"కేంద్రం ఎక్కడ కావాలో ఆ బోర్డు మీద అంటించండి పెద్దమ్మా. మీరు ఎటు చెబితే అటే."

"ఎటు చెబితే అటేనా? మా ఇంట్లో కూడా నాకు అంత మర్యాద లేదే," అంది మా అత్త. టెంటంతా నవ్వింది.

వరసలో అందరికంటే ముందు మేస్త్రీ తాత నిలబడ్డాడు. ఒకప్పుడు నేత సెక్షన్‌లో మేస్త్రీ. స్టిక్కరు వేలికొసన పెట్టుకుని, మా షెడ్డు బోర్డు వైపు చెయ్యి చాచాడు.

మిల్లు కూసింది.

చాచిన చెయ్యి చాచినట్టే వెనక్కి వచ్చింది. తాత గిరుక్కున తిరిగి నడక మొదలెట్టాడు. ఆయన వెనక వరస మొత్తం తిరిగింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచారు. కర్రలు, చెప్పులు, సంచులు. మా అత్త అందరినీ దాటుకుని సందులోకి దూరిపోయింది. నేనూ ఆగలేదు. నాది రెండో షిఫ్టు. టిఫిన్ బాక్సు పట్టుకుని గేటుకి పరిగెత్తాను.

గేటు మూసి ఉంది.

"ఏంటమ్మా హడావిడి? ఇంకా టైం కాలేదు," అన్నాడు వాచ్‌మన్.

"కూసిందిగా?"

"టెస్టింగట."

వెనక్కి తిరిగి చూశాను. టెంటు ఖాళీ. ఎక్కడినుంచి వచ్చిందో ఒక వ్యాను, అందులోంచి మా సందులో ఎప్పుడూ చూడని మనుషులు దిగుతున్నారు. నింపాదిగా వెళ్ళి డంపు జాగా బోర్డు మీద స్టిక్కర్లు అంటిస్తున్నారు. మైకు పక్కన కేంద్రం కట్టే కాంట్రాక్టరు నిలబడ్డాడు.

"చూశారుగా మేడమ్. షెడ్డు కావాలన్నవాడు ఒక్కడూ నిలబడలేదు."

"ఎందుకు వెళ్ళిపోయారు వాళ్ళు?" అంటోంది మేడమ్. ఆమె నవ్వు ఇప్పుడు తగ్గింది.

"ఆసక్తి లేదు. ముసలాళ్ళు కదా."

నేను పరిగెత్తుకొచ్చాను. "మేడమ్, అది దొంగ కూత. టైం కాకుండానే..."

కాంట్రాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ముసలిదానివా? నీ అభిప్రాయం నీ వయసొచ్చాక తీసుకుంటాంలే, పో."

వ్యానులో వచ్చినవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒక్కడికీ తల నెరవలేదు.

*

ఇది చదివేవాళ్ళు నన్ను అడగొచ్చు. కూత పడితే షిఫ్టువాళ్ళు లేవాలి గానీ, ఎప్పుడో పని మానేసిన ముసలివాళ్ళు ఎందుకు లేవాలి? దానికి జవాబు మా గదిలో ఉంది. వచ్చి చూడండి.

ఒకటే గది. ఒకటే మంచం. మిగిలిన నేల మీద పొయ్యి, బిందెలు, బట్టల పెట్టె. మా ఆయనది రాత్రి షిఫ్టు. తెల్లారి వచ్చి మంచమెక్కుతాడు. ఆయన నిద్రపోయేటప్పుడు గదిలో గిన్నె చప్పుడు కాకూడదు, దగ్గు వినపడకూడదు. మా అత్తకి దగ్గు ఆగదు. అందుకని పొద్దున్నే చాప చుట్టుకుని షెడ్డుకి పోతుంది. మధ్యాహ్నం కూతకి మా ఆయన లేస్తాడు, నేను పనికి పోతాను, మంచం ఖాళీ అవుతుంది. కానీ అదే కూతకి మా మరిది మొదటి షిఫ్టు దిగుతాడు. వాడికీ మంచం కావాలి. ముందు చేరినవాళ్ళదే మంచం.

ఇది మా ఒక్క గది కథ కాదు. సందు పొడుగునా ఇంతే. అందుకే కూత పడితే ముసలివాళ్ళు లేస్తారు. జీవితమంతా గేటు మూసేస్తారన్న భయంతో లేచారు, ఇప్పుడు మంచం పోతుందని లేస్తున్నారు. మేస్త్రీ తాతకైతే మంచం కూడా అక్కర్లేదు, ఊరికే లేస్తాడు. కంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, దూరంగా కూత వినపడితే కళ్ళకి కట్టుతోనే లేచి నడిచి గోడకి గుద్దుకున్నాడు. ఆ సంగతి చెప్పి మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

షెడ్డులో ఏముంది? పాత మగ్గాల చెక్కతో చేసిన బల్లలు, ఒక కుళాయి, రేకుల నీడ. పగలు నడుం వాల్చే చోటు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పక్కవాళ్ళు చూసుకుంటారు. ఎవరైనా రాకపోతే ఇంటికెళ్ళి తలుపు కొడతారు. ఆ షెడ్డు జాగా మీద కాంట్రాక్టరు దుకాణాల భవనం లేపాలనుకున్నాడు.

నేను రాత్రి పని దిగి వచ్చేసరికి మా అత్త పడుకోలేదు. వేలికి ఎర్ర స్టిక్కరు అలాగే ఉంది.

"దీన్ని ఎక్కడ అంటించమంటావే?" అంది.

ఆ మాట అంటూనే మంచం కోడుకి అంటించింది.

*

యూనియన్ ఆఫీసులో మీటింగు పెట్టాం. ఇరుకు గది. సగం మంది వీధిలోనే నిలబడ్డారు.

బాయిలరు చూసే అన్న గోడకి ఆనుకుని తల వంచుకున్నాడు. కూత తాడు ఆయన చేతిలోనే ఉంటుంది.

"మేనేజరు ఫోన్ చేశాడు. లాగమన్నాడు, లాగాను. ఎందుకంటే టెస్టింగన్నాడు. కాంట్రాక్టరు ఆయన బావమరిదని నాకు తర్వాత తెలిసింది."

"తెలిస్తే లాగవా?" ఎవరో అరిచారు.

"లాగుతాను," అన్నాడు ఆయన. "నేను లాగకపోతే నన్ను తీసేసి ఇంకొకడితో లాగిస్తారు. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఇది మిల్లు సమస్య కాదు. మునిసిపాలిటీ వ్యవహారం. యూనియన్ ఇందులో దూరడం..."

"కూత ఎవరిది నాయనా?" అంది మా అత్త వీధిలోంచి.

సెక్రటరీ తలుపు వైపు తిరిగాడు.

"కూత మిల్లుదేగా? దాంతోనేగా మమ్మల్ని తోలేసింది? నా కొడుకు నిద్ర మిల్లుది, నా దగ్గు మిల్లు దూది పెట్టింది. సమస్య మాత్రం మునిసిపాలిటీదా?"

"అది సరే అత్తా," అన్నాడు ఒక కుర్రాడు. "మళ్ళీ మీటింగు పెట్టించామే అనుకో, మళ్ళీ లాగుతారుగా?"

"లాగనీ. లేవకపోతే సరి."

అందరూ గొల్లుమన్నారు. "నువ్వా లేవనిది? కూత సగంలో ఉండగానే సందు దాటేస్తావు నువ్వు."

మా అత్త నవ్వలేదు. "నేర్చుకుంటాను," అంది.

*

మీరు ఎన్నో పోరాటాల గురించి విని ఉంటారు. కూర్చోవడం నేర్చుకున్న పోరాటం మాదొక్కటే అనుకుంటాను.

మర్నాడు షెడ్డులో అందరూ గట్టిగా చెప్పుకుని కూర్చున్నారు. కూత పడింది. అందరూ లేచారు. మా అత్త కూడా లేచి, గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి తిట్టడం మొదలెట్టింది. ఎవర్ని తిడుతోందో ఆమెకే తెలియదు.

తర్వాత మోచేతుల్లో మోచేతులు దూర్చి, గొలుసులా కూర్చోవడం మొదలెట్టారు. ఒకరు లేవబోతే ఇద్దరు పట్టుకుంటారు. కూత ఆగాక ఏదో పెద్ద బరువు దించినట్టు ఆయాసపడేవాళ్ళు. కుర్రాళ్ళు కూడా ఒక మాట అనుకున్నారు. పెద్దవాళ్ళు వచ్చేదాకా ఎవరూ మంచమెక్కకూడదు. మా మరిది పని దిగి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురకపెట్టేవాడు.

మెల్లమెల్లగా అందరికీ వచ్చింది. మేస్త్రీ తాతకి మాత్రం రాలేదు. ఇద్దరు పట్టుకున్నా లాక్కుని లేచేవాడు. ఒకరోజు గోడకి తిరిగి ఏడ్చాడు.

"ఈ కాళ్ళు నావి కావమ్మా. మిల్లువి. నేను చెబితే వినవు."

"అయితే మేం చెబుతాం," అంది మా అత్త. అప్పట్నుంచి ఆయనకి అటు ఒకరు, ఇటు ఒకరు, మోకాళ్ళ మీద చేతులేసి కూర్చునేవాళ్ళు.

ఈలోగా ఒక పొద్దున మేడమ్ ఒక్కతే వచ్చింది. ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయారని అడిగింది. మా అత్త ఆమె చెయ్యి పట్టుకుని మా గదికి తీసుకొచ్చింది. నేను తలుపు ఓరగా తీశాను.

"ష్, మెల్లగా," అంది మా అత్త. "నా కొడుకు."

మేడమ్ గుమ్మంలో నిలబడి చూసింది. చీకటి గది, కిటికీకి అడ్డంగా కట్టిన దుప్పటి, మా ఆయన పాదాలు. గుసగుసగా అడిగింది. "కేంద్రంలో మీకు ఏం కావాలి పెద్దమ్మా? యోగా హాలా, చదరంగం బల్లలా, తోటా..."

"పగలు నడుం వాల్చే చోటు. ఇంటికి దగ్గర్లో. నడుం వాల్చాక మిగతావి చూద్దాంలే."

"పడుకునే చోటు మా బోర్డు మీద లేనే లేదు," అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు.

రెండో మీటింగు ఆమె పట్టుబట్టి పెట్టించింది.

మళ్ళీ అదే టెంటు, అవే బోర్డులు. వ్యాను కూడా వచ్చి సందు చివర ఆగింది. ఈసారి మా వాళ్ళు కుర్చీలు వద్దని నేల మీద కూర్చున్నారు, మోచేతుల్లో మోచేతులు. నేనూ వాళ్ళ మధ్యే కూర్చున్నాను. మేడమ్ మైకు తీసుకుంది. కాంట్రాక్టరు మిల్లు వైపు చూశాడు.

మిల్లు కూసింది.

వరస మొత్తం ఒక్కసారి కదిలింది, గాలికి తడిక కదిలినట్టు. నా కాళ్ళూ లేవబోయాయి. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి గుంజి కూలేసింది. మేస్త్రీ తాత మోకాళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి, మా అత్త మీద పడి మరీ నొక్కుతోంది. కూత ఆగదే. ఎప్పటికన్నా పొడుగ్గా లాగించారు. కళ్ళు మూసుకున్నారు కొందరు.

ఆగింది.

ఒక్కరూ లేవలేదు. ముందు ఎవరు మొదలెట్టారో గానీ, అందరూ ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే లేచి, తమంతట తామే లేచి, షెడ్డు ఫొటో కనపడకుండా ఎర్ర స్టిక్కర్లతో కప్పేశారు. మా అత్త మంచం కోడు నుంచి గీకి తెచ్చిన పాత స్టిక్కరు కూడా అంటించింది.

మాకు దక్కింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

*

మేడమ్ మళ్ళీ వచ్చినప్పుడు కూర్చోలేదు.

"అన్నీ పైకి పంపించాను. మీరన్న ప్రతి మాటా పంపించాను. అభిప్రాయాలు అందాయి, పరిశీలించాం అని జవాబు వచ్చింది. కేంద్రం డంపు దగ్గరే."

"మరి అడగడం ఎందుకమ్మా?" అన్నాడు మేస్త్రీ తాత. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"అడగాలని రూలుంది తాతగారూ. వినాలని లేదు."

ఆమెని ఇంకో ఊరికి బదిలీ చేశారు. వెళ్ళే ముందు మా గది గుమ్మం దగ్గరికి వచ్చి, మా ఆయన నిద్రలో ఉన్నాడని, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

మేం తిరగని ఆఫీసు లేదు. ఒకచోట కూర్చోమన్నారు, ఒకచోట రేపు రమ్మన్నారు, ఒకచోట మీ అభిప్రాయం ముందే తీసుకున్నాంగా అన్నారు. సెక్రటరీ కూడా మాతో తిరిగాడు. ఆయన చెప్పులు అరిగాయి గానీ ఎక్కడా ఒక తలుపు తెరుచుకోలేదు.

తర్వాత ఒక పొద్దున షెడ్డు కూల్చే యంత్రం వచ్చింది. వెంట పోలీసులు. మా మొగాళ్ళు రాత్రి పని దిగి నిద్రలో ఉండే వేళ చూసి మరీ వచ్చారు.

ముసలివాళ్ళు షెడ్డులో గొలుసులా కూర్చున్నారు. అప్పటికి కూర్చోవడం బాగా వచ్చేసింది వాళ్ళకి. ఆ వచ్చిన విద్య దేనికీ పనికిరాలేదు. పోలీసులు మోచేతులు విడదీసి, దూది బస్తాలు ఎత్తినట్టు ఒక్కొక్కరినే ఎత్తి వ్యానులో పడేశారు. నేను అడ్డం పడితే ఒక లేడీ కానిస్టేబుల్ నా జుట్టు పట్టి పక్కకి ఈడ్చింది. నిద్రకళ్ళతో పరిగెత్తుకొచ్చిన మా ఆయన వ్యాను వెనకాల కొంత దూరం ఉరికి, రోడ్డు మీద చతికిలపడ్డాడు. మా వెనక రేకులు విరుగుతున్న చప్పుడు.

వాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళలేదు. కేసు లేదు, కాగితం లేదు. ఊరవతల డంపు దగ్గర దించారు. దించి, "ఇదే మీ కేంద్రం. కూర్చుంటారో పడుకుంటారో మీ ఇష్టం," అని వెళ్ళిపోయారు.

తర్వాతది మా అత్త చెప్పింది. ఆమె మాటల్లోనే చెబుతాను.

"అక్కడ ఏం లేదే. ఒక బోర్డు. దాని మీద ముసలాయన, ముసలమ్మ నవ్వుతున్న బొమ్మ. ఆ బోర్డు నీడలో ఇద్దరే పట్టారు. కాసేపు ఒకళ్ళు, కాసేపు ఒకళ్ళు అనుకున్నాం. దాహం. ఇక నడుద్దాం అన్నాం. మేస్త్రీ జోకులేస్తూనే నడిచాడు. 'కేంద్రం బాగుంది గానీ గోడలు కట్టడం మర్చిపోయార'న్నాడు. కల్వర్టు దగ్గర ఆయాసమొచ్చి గట్టు మీద కూర్చోబెట్టాం. మాట్లాడుతున్నాడు. బాగానే ఉన్నాడు. అప్పుడు వినపడింది, దూరంగా. మధ్యాహ్నం కూత. లేచాడే. చటుక్కున లేచి నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో... మా చేతులు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ కూడా పట్టుకోవాలని మాకు తోచలేదు."

ఆ తర్వాత ఆమె చాలాసేపు దగ్గింది.

*

మర్నాడు పొద్దున మేస్త్రీ తాతని మోసుకొచ్చి మిల్లు గేటు ముందు పడుకోబెట్టాం. షెడ్డు ఉన్న చోట పోలీసులు తాళ్ళు కట్టారు, అందుకని రోడ్డు మీదే. మా గది మంచం తెచ్చాం. మా మరిదే మొదటి షిఫ్టు మానేసి మోసుకొచ్చాడు. కోడు మీద స్టిక్కరు గీకిన చోట ఎర్ర జిగురు మరక ఇంకా ఉంది. ముసలివాళ్ళు చుట్టూ కూర్చున్నారు, మోచేతుల్లో మోచేతులు. మా అత్త తలవైపు కూర్చుంది.

పొద్దెక్కేకొద్దీ జనం పెరిగారు. రాత్రి పని దిగినవాళ్ళు ఇళ్ళకి పోలేదు. మధ్యాహ్నం షిఫ్టువాళ్ళం టిఫిన్ బాక్సులు పక్కన పెట్టుకుని కూర్చున్నాం. పక్క మిల్లువాళ్ళు, కాలేజీ పిల్లలు, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా. నినాదాలివ్వడానికి సెక్రటరీ లేచి, మంచం వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

మేనేజరు గేటు లోపలినుంచి మాట్లాడాడు. "చనిపోయినందుకు మాకూ బాధగానే ఉంది. కానీ ఆయన మా మిల్లు మనిషి కాడు. ఎప్పుడో రిటైరయ్యాడు. దారి వదలండి. టైం కాగానే లోపలికి రానివాళ్ళకి రేపట్నుంచి పని ఉండదు."

రోడ్డు మలుపులో లారీలు ఆగుతున్న చప్పుడు వినపడింది. పోలీసులు దిగుతున్నారు. షెడ్డు పోయింది, మనిషి పోయాడు. కాసేపట్లో మమ్మల్నీ ఎత్తి పడేస్తారని మాకు తెలుసు. భయం లేదని చెబితే అబద్ధం.

పెద్ద గేటులో ఉండే చిన్న వికెట్ గేటు తెరుచుకుంది. బాయిలరు అన్న వంగి బయటికి వచ్చాడు. చేతులు బొగ్గుతో నల్లగా ఉన్నాయి. ఎవరి ముఖమూ చూడలేదు. వచ్చి నా పక్కన ఖాళీ చూసుకుని కూర్చుని, తన మోచెయ్యి నా మోచేతిలో దూర్చాడు.

"మరి కూత?" అన్నాను.

"లాగేవాడు ఇంకొకడున్నాడని చెప్పానుగా."

గేటు రెండు రెక్కలూ తెరిచారు. లోపల ఎవరో, అలవాటు లేని చెయ్యి, తాడు పట్టుకుని గుంజింది. కూత ముందు గొంతు పట్టేసినట్టు గరగరలాడి, తర్వాత ఒక్కసారిగా మా అందరి మీదా పడింది.

మేస్త్రీ తాత లేవలేదు.

మేమూ లేవలేదు.